పసుపు నాబ్

ఆయన తన ప్రసంగాన్ని విమానంతో కాక గద్దతో మొదలుపెట్టారు. ఎండాకాలం మధ్యాహ్నం పద్మాక్షి గుట్ట మీద గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతుంటాయి, చూశారా అని పిల్లల్ని అడిగారు. హాల్లో చాలా చేతులు లేచాయి. ఎండకు కాగిన బండల మీంచి వేడిగాలి లేస్తుంది, గద్ద ఆ గాలి దాటిపోకుండా గిరికీలు కొడుతూ ఎత్తు సంపాదిస్తుంది. అదే గద్ద భద్రకాళి చెరువు నడిమికి వెళ్తే ఆ ఎత్తు కొంచెం కొంచెంగా ఖర్చయిపోతుంది, ఎందుకంటే నీళ్లు బండలంత త్వరగా వేడెక్కవు. "ఇంజన్ లేని విమానం నడిపేవాడి బతుకంతా ఇదే. ఎక్కడ సంపాదించాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి" అన్నారాయన.

హన్మకొండలో ఒక కాలేజీ సెమినార్ హాలు అది. 2025 ఫిబ్రవరి చివర్లో మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చిన దగ్గర్నుంచి ఓరుగల్లులో విమానాల ముచ్చట మళ్లీ మొదలైంది. నిజాం కాలంలో 1930లో వెలసిన విమానాశ్రయం, 1981 తర్వాత మూగబోయింది. హైదరాబాదు విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల మరొకటి రాకూడదన్న ఒప్పందం షరతు ఏళ్ల తరబడి అడ్డం నిలిచింది. ఆ అడ్డు తొలగిందని తెలిశాక ఊళ్లో పిల్లలకు విమానం అంటే ఏమిటో చెప్పించాలని కొందరం అనుకున్నాం. ఆయన ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుని, జర్మనీలో స్థిరపడి ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు. దశాబ్దాలుగా గ్లైడర్లు నడుపుతున్నారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చివరిదాకా చదివినవారికి తెలుస్తుంది.

అలాంటి ప్రసంగం నేను మళ్లీ వినలేదు. మంచి గ్లైడర్‌తో వచ్చే తంటా గాల్లో నిలవడం కాదు, నేలకు దిగడం అన్నారు. పిల్లలు నమ్మలేదు. లెక్క చెప్పారు. చెక్కతో, గుడ్డతో చేసిన పాతకాలపు శిక్షణ గ్లైడరు ఒక కిలోమీటరు ఎత్తు దిగేలోగా సుమారు 20 కిలోమీటర్లు ముందుకు పోతుంది. ఇప్పటి పోటీ గ్లైడర్లు 50, పెద్ద రెక్కలవి 60. జర్మన్లు తయారుచేసిన 'ఈటా'కు రెక్కల నిడివి 30.9 మీటర్లు, అది 70 దాకా పోతుందంటారు. హన్మకొండ మీద రెండున్నర కిలోమీటర్ల ఎత్తున 60 కిలోమీటర్ల రకాన్ని వదిలితే, గాలి నెమ్మదిగా ఉన్న రోజున, చుక్క పెట్రోలు లేకుండా హైదరాబాదు మీదికి చేరుతుంది. అంత నున్నటి విమానం రన్‌వే మీదికొచ్చాక కిందికి దిగనంటుంది. దించుదామని ముక్కు వంచితే దిగడానికి బదులు వేగం పెంచుకుంటుంది. అందుకే రెక్కల మీంచి నిటారుగా లేచే పలకలు పెట్టారు, ఎయిర్‌బ్రేకులు. నీలం రంగు లీవరు. దాన్ని ఎంత తెరవాలో, ఎప్పుడు తెరవాలో చేయి నేర్చుకోవాలి. ఇంజన్ ఉన్న విమానంలో దిగుడు కుదరకపోతే మళ్లీ పైకి లేచి తిరిగి రావచ్చు. గ్లైడర్‌కు ఆ రెండో అవకాశం లేదు.

పొడుగు రెక్కల స్వభావం గురించి ఆయన చెప్పిన తీరు ఇంకా బాగుంది. స్టిక్కును ఎడమకు వంచితే ముక్కు ముందు కుడికి పోతుందట! పైకి లేచే కుడి రెక్కకు ఎత్తే బలంతో పాటు గాలి నిరోధమూ పెరుగుతుంది, ఆ నిరోధం ముక్కును తనవైపు గుంజుతుంది. రెక్క ఎంత పొడవైతే ఆ గుంజుడు అంత ఎక్కువ. కాబట్టి చేయి కదిలిన క్షణమే కాలు కూడా రడ్డర్ పెడల్‌ను అదే వైపు తొక్కాలి. కాలు సరిగ్గా పడిందో లేదో చెప్పే పరికరం ఏమిటో తెలుసా అని ఒక ఫొటో చూపించారు. ఎదురు అద్దం మీద టేపుతో అతికించిన ఎర్ర ఊలు పోగు. విమానం గాలిలోకి సూటిగా పోతుంటే పోగు సూటిగా ఉంటుంది, పక్కకు జారుతుంటే పోగూ పక్కకు తిరుగుతుంది. లక్షల యూరోల గ్లైడర్లలో కూడా ఆ పోగు ఉండాల్సిందే.

వేడిగాలిలో చుట్లు తిరిగేటప్పుడు లోపలి రెక్క చిన్న వలయం, బయటి రెక్క పెద్ద వలయం తిరుగుతాయి. బయటి రెక్క వేగంగా పోతుంది గనక ఎక్కువ లేస్తుంది. వదిలేస్తే విమానం తనంతట తానే ఇంకా ఇంకా వాలిపోతుంది. ఎడమకు తిరుగుతూ స్టిక్కును కొంచెం కుడికి పట్టి ఉంచాలి. మరీ నెమ్మదిస్తే లోపలి రెక్కకు గాలి పట్టు తప్పి, విమానం బొంగరమై తిరుగుతూ పడిపోతుంది. అప్పుడు ప్రాణం వెనక్కి లాగమంటుంది. లాగితే ఇంకా పడుతుంది. తిరిగే దిక్కుకు ఎదురు పెడల్ తొక్కి, స్టిక్కు ముందుకు నెట్టాలి. భయపడిన మనిషి చేతికి నేలవైపు నెట్టడం నేర్పడమే గ్లైడర్ శిక్షణలో సగం అన్నారు. 1956లో ప్రపంచ చాంపియన్ అయిన పాల్ మెక్‌క్రీడీ సూత్రం కూడా అలాంటిదే. గాలి కిందికి దిగుతున్న చోట నెమ్మదించకు, వేగం పెంచి దాటెయ్. గాలి లేస్తున్న చోట నెమ్మదించు. రెక్కల్లో 200 లీటర్లు, అంతకుమించి నీళ్లు నింపుకుని పోటీలకు వెళ్తారనీ, ఆ బరువుతో పోయే దూరం తగ్గదనీ, అదే దూరం ఇంకా వేగంగా పోతుందనీ చెబితే ఒక అబ్బాయి లేచి వాదించాడు. ఆయన బోర్డు మీద లెక్క వేసి చూపారు. ఓపిక ఉన్న మనిషి.

మన దేశంలో గ్లైడర్లు చేశారా అని ఇంకొకరు అడిగారు. ఆయన ముఖం వెలిగింది. ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ దగ్గర పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం వాటిని తయారుచేసిందని చెప్పి పేర్లు వరసగా చదివారు. అశ్విని, భరణి, కార్తిక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. ముందు వరసలో కూర్చున్న తెలుగు మాస్టారు పునర్వసు, పుష్యమి అంటూ అందుకున్నారు.

తర్వాత గిమ్లీ కథ. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కు ఆకాశం నడిమధ్యలో ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఇంధనాన్ని కిలోగ్రాముల్లో లెక్క వేయాల్సింది పౌన్ల లెక్కన వేశారు. విన్నిపెగ్ దాకా చేరలేమని తేలింది. గిమ్లీ అనే చోట వైమానిక దళం వదిలేసిన పాత రన్‌వే ఉంది. విమానం బాగా ఎత్తు మీద వచ్చింది, రెండో చుట్టు తిరిగే వీల్లేదు. కెప్టెన్ బాబ్ పియర్సన్ గ్లైడర్లు నడిపిన మనిషి. స్టిక్కు ఒకవైపు, రడ్డర్ మరోవైపు పెట్టి అంత పెద్ద విమానాన్ని పక్కకు జార్చి ఎత్తు దింపారు. గ్లైడర్లలో రోజూ చేసే పని అది. తీరా చూస్తే ఆ రన్‌వే కార్ల పందేల మైదానం అయిపోయి ఉంది, ఆ రోజు జనం కూడా ఉన్నారు. విమానంలో ఉన్న 69 మందీ బతికారు. "పైలట్ చేతులు. అంతా పైలట్ చేతుల్లోనే ఉంటుంది" అని ఆయన తన రెండు చేతులూ ఎత్తి చూపారు. గిమ్లీ రన్‌వే గుర్తు చేసింది మాత్రం ఒకప్పుడు అక్కడే వైమానిక దళంలో పనిచేసిన కోపైలట్ మారిస్ క్వింటాల్. ఆ పేరు ఆ రోజు ప్రసంగంలో రాలేదు.

చివర్న తన కథ చెప్పారు. పిల్లలు ఎదురుచూస్తున్నదీ దానికోసమే.

1970ల నడుమ సంగతి. కాలేజీ కుర్రాడు. మన రాష్ట్రం కాదు, పొరుగు రాష్ట్రంలో ఒక గ్లైడింగ్ క్లబ్బు. అక్కడ గ్లైడర్‌ను వించ్‌తో పైకి లేపేవారు. మైదానం ఈ చివర గ్లైడరు, సుమారు కిలోమీటరు దూరాన ఆ చివర లారీ ఇంజన్‌తో తిరిగే పెద్ద డ్రమ్ము, రెంటి మధ్యా ఉక్కు వైరు. జెండా ఊపితే వించ్ మనిషి డ్రమ్ము తిప్పుతాడు. మూడు నాలుగు సెకన్లలో గ్లైడరు నేల వదిలేసి, ముక్కు ఆకాశానికి పెట్టి లేస్తుంది. 300 మీటర్ల పైచిలుకు ఎత్తుకు చేరాక వించ్ మనిషి లాగుడు తగ్గిస్తాడు, పైలట్ ముక్కు దించి పసుపు రంగు నాబ్ లాగుతాడు, వైరు కొసన ఉన్న రింగును పట్టుకున్న హుక్కు తెరుచుకుని వైరు కింద పడిపోతుంది. వించ్ మనిషి ఎలా ఉంటాడో తమకు తెలియదట. ఇనుప జాలీ వెనక దూరంగా ఒక చుక్క, అంతే.

ఆ రోజు ఆయన ఒంటరిగా లేచారు. పైకి చేరి నాబ్ లాగితే రాలేదు. మళ్లీ లాగారు. బిగుసుకుపోయింది. గ్లైడరు వించ్ మీంచి దాటిపోయింది. వైరు ఇప్పుడు వెనక్కి, కిందికి గుంజుతోంది. వేగం పడిపోతోంది. ఇంకొంచెం సేపయితే ముక్కు నేలకేసి కొట్టుకునేదే. "నాకు మా అమ్మ గుర్తు రాలేదు, ఎవరూ గుర్తు రాలేదు. నేర్పిన పాఠం గుర్తొచ్చింది. స్టిక్కు ముందుకు నెట్టి పట్టాను. రెండు చేతులా నాబ్ లాగుదామంటే స్టిక్కు వదలాలి, వదల్లేదు. ఎడమ చేత్తో లాగుతూనే ఉన్నాను. ఠప్పుమని ఒక కుదుపు. గ్లైడరు ముందుకు ఉరికింది. నాబ్ అప్పుడు వెన్నలో వేలు దిగినట్టు తేలికగా వచ్చింది. వైరు ఊడి మైదానంలో పడటం కళ్లారా చూశాను. వేగం వచ్చేదాకా ఆగి, తిరిగి, మామూలుగా దిగాను."

హాలంతా చప్పట్లు. ఆయన చేయెత్తి ఆపారు. ఇంకొక్క మాట చెప్పాలన్నారు. ఆ సాయంత్రం జరిగింది కాగితం మీద రాసిమ్మన్నారట. తప్పు యంత్రం మీదికి నెట్టేయడం తేలిక, హుక్కు పాడైందని రాస్తే ఎవరూ కాదనరు. "కాని నాబ్ చివరికి వచ్చింది కదా, పనిచేసింది కదా. అందుకని ఉన్నది ఉన్నట్టు రాశాను. హుక్కులో లోపం లేదు, సరిగా గట్టిగా లాగడం నాకే ఆలస్యమైంది, వైరును నేనే వదిలాను అని. ఆ రాత్రే పరీక్షలకు బండెక్కి ఊరొచ్చేశాను. నెల తిరక్కుండా క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది, నీ నిజాయితీకి మెచ్చుకుంటున్నాం అని. ఆ ఉత్తరం జర్మనీలో నా గదిలో ఇప్పటికీ ఉంది. పిల్లలూ, గాల్లో చేతులు నమ్మండి. నేల మీద నిజం చెప్పండి."

ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికింది. నాకూ కళ్లు చెమర్చాయి. అది పటాటోపం కాదు, మనస్ఫూర్తిగా అన్న మాట.

ప్రశ్నల వేళ వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. ఎనభైకి దగ్గరపడ్డ వయసు, తెల్ల ధోవతి, చేతివేళ్ల సందుల్లో ఎన్ని సబ్బులకూ వదలని నూనె మరక. పక్కన మనవరాలు, అదే కాలేజీ అమ్మాయి. చాలా ఏళ్ల కింద బయటి ఊరు నుంచి తిరిగొచ్చి వరంగల్‌లో ట్రాక్టర్ ఇంజన్లు బాగుచేసుకుని బతికిన మనిషని తర్వాత ఆ అమ్మాయే చెప్పింది.

"నమస్తే సారూ. నాకు ఇమానం నడుపుడు తెల్వదు. ఒక్క ముచ్చట అడుగుత."

"అడగండి పెద్దాయనా."

"గుంజితే రాని నాబు ఆఖర్కి అల్కగ వచ్చిందన్నరు. ఠప్పుమని కుదుపు కూడ వచ్చిందన్నరు. ఏది ముందు సారూ? నాబు వచ్చినంక కుదుపు వచ్చిందా, కుదుపు వచ్చినంక నాబు వచ్చిందా?"

ఆయన నవ్వుతూనే జవాబు మొదలుపెట్టారు. పైలట్లకు అలవాటే, కుడి చేత్తో లేని స్టిక్కును పట్టుకుని, ఎడమ చేత్తో లేని నాబ్‌ను లాగి చూపించారు. ఒకటి. రెండు. భుజాలు ఒక్కసారి అదిరినట్టు కుదుపు. ఎడమ చేయి మళ్లీ లాగబోయి గాల్లోనే ఆగింది. మొదట్నుంచీ ఇంకోసారి చేసి చూసుకున్నారు. ఈసారి చాలా నెమ్మదిగా. చేయి మళ్లీ అక్కడే ఆగింది.

"కుదుపే ముందు" అన్నారు.

ముందు వరసలో కుర్రాడికి అర్థం కాలేదు. ఏది ముందైతే ఏమిటి సర్ అని అడిగాడు. ఆయన బోర్డు వైపు తిరిగారు. ఆ గంటన్నరా ఎంత ఓపికగా పాఠం చెప్పారో ఈ ప్రశ్నకూ అలాగే చెప్పసాగారు. నాబ్ లాగినందుకు హుక్కు తెరుచుకుని ఉంటే, నాబ్ ముందు, కుదుపు తర్వాత. కుదుపే ముందు వచ్చిందంటే లాగుడు వేరేచోట తెగిందన్న మాట. బరువు మీద ఉన్నప్పుడు హుక్కు బిగుసుకుంటుంది. ఆ బరువు పోతే, అదే హుక్కు, చిన్నపిల్లాడు లాగినా...

చాక్‌పీసు బోర్డు మీదే ఉండిపోయింది.

"కాని వైరు తెగలేదు" అన్నారు, మాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు. "రింగుతో సహా పడింది. నేను చూశాను."

"పడ్డది సారూ, రింగుతోని పడ్డది. అది మీ దిక్కు కొస. రెండో కొస నా కాడుండె." పెద్దాయన కుడి చేయి పిడికిలి బిగించి, ముందున్న కుర్చీ వీపు మీద పైనుంచి కిందికి ఒక్క గుద్దు గుద్ది చూపించాడు. వించ్ మీద వైరు కోసే కత్తికి లీవరు అక్కడే ఉంటుందట, కూర్చున్నవాడి చేతికి అందేలా. "మీరు నా నెత్తి మీదికెల్లి దాటిపోయిండ్రు. వైరు ఇంక మీ ఎంబడే పోతాంది. మన ఓరుగల్లు పిల్లగాడు ఒక్కడే పోయిండని పొద్దుగాల్నే ఇన్న. ఎవల్నీ అడుగలే. గుద్దిన."

ఆయన వేదిక దిగి వెనక వరస దాకా నడిచి వెళ్లారు. పెద్దాయన చేతులు రెండూ పట్టుకున్నారు. చాలాసేపు మాట రాలేదు. వచ్చిన మాట కూడా పూర్తిగా వినపడలేదు. "నా ప్రాణం... మీరా... ఇన్నేళ్లూ... ఒక్కసారి ఎవరికైనా చెప్పకపోయారా?"

"చెప్పిన సారూ. ఆ దినమే చెప్పిన. హుక్కు బిగుసుకున్నది, కొయ్యకుంటే పిల్లగాడు దక్కడు అని. నేల మీద హుక్కు గుంజి చూసిండ్రు, మంచిగనే ఊడింది. గంతల మీరు రాసిచ్చిన కాయితం తెచ్చి సదివి ఇనిపిచ్చిండ్రు. అబద్ధమాడుతున్నవని నన్ను నౌకరిల నుంచి తీసేసిండ్రు."